తేనెపట్టు పడితే ఏది మేలు: వదిలేయడమా, తరలించడమా, పొగ పెట్టడమా, మందు కొట్టడమా?

విజయవాడ అపార్టుమెంట్లలో నివాసుల సంఘం సమావేశం రెండు విషయాల దగ్గర తప్పకుండా వేడెక్కుతుంది. ఒకటి నీటి ట్యాంకర్ల ఖర్చు, రెండోది పై అంతస్తు సన్‌షేడ్ కింద పట్టిన తేనెపట్టు. మందు కొట్టించేద్దామని ఒకరంటారు. తేనె తీసేవాళ్ళను పిలిస్తే ఇంటికో సీసా వస్తుందని ఇంకొకరు. పట్టు పడితే శుభం, కదపవద్దని ఒక పెద్దావిడ. పెట్టెలోకి ఎక్కించి తీసుకుపోయేవాళ్ళు ఉంటారని, వీడియోలో చూశానని కాలేజీ కుర్రాడు. గంటసేపు వాదించుకున్నా అసలు ప్రశ్న ఎవరూ అడగరు: అవి ఏ ఈగలు?

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం వాదన అక్కడే తీరిపోతుంది. ఎందుకంటే ఈ నాలుగు మార్గాలూ అన్ని ఈగలకూ పనికిరావు. మన ఊళ్ళలో ఇళ్ళ చుట్టూ కనిపించేవి ముఖ్యంగా మూడు రకాలు. ఎత్తయిన భవనాల సన్‌షేడ్ల కింద, నీళ్ళ ట్యాంకుల అడుగున, పెద్ద చెట్ల కొమ్మలకు ఒకే ఒక్క పెద్ద అట్టగా వేలాడేది పెద్ద తేనెటీగల పట్టు. కొండ తేనెటీగలన్నా ఇవే. ఆ అట్ట మూడడుగుల వెడల్పు దాకా పెరుగుతుంది, దాని మీద ఈగలే తెరలాగా కప్పుకుని ఉంటాయి. గోడ సందులో, మీటరు పెట్టెలో, చెట్టు తొర్రలో, వాడని పెట్టెలో చీకటి చూసుకుని ఒకదాని పక్కన ఒకటి అట్టలు కట్టేవి పుట్ట తేనెటీగలు. గోరింట పొదలోనో కంచె మొక్కలోనో అరచేతంత అట్ట కనిపిస్తే అది చిన్న తేనెటీగలది. ఇవి కాక గోడ చిల్లుల్లో జిగురు గొట్టం కట్టుకునే నల్లటి బుల్లి ఈగలు కూడా ఉన్నాయి. వాటికి కుట్టే ముల్లు లేదు, వాటి గురించి సమావేశం పెట్టనక్కరలేదు.

కాగితంలా కనిపించే గూడు కట్టేవి కందిరీగలు. వాటి కథ వేరు.

ఇప్పుడు మందు సంగతి. దీన్ని మొదట ఎత్తుకోవడానికి కారణం, ఎక్కువమంది మొదట చేసేది ఇదే కాబట్టి. ఫోను చేస్తే మనిషి వస్తాడు, సాయంత్రానికి పని అయిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అప్పుడే మొదలవుతుంది. మేతకు వెళ్ళిన ఈగలు తిరిగి వచ్చి, గూడు లేక, ఆ గోడ చుట్టూనే తిరుగుతాయి. చచ్చేవి బాల్కనీల్లో రాలుతుంటాయి, రాలిన ఈగ మీద కాలు వేసినా ముల్లు దిగుతుంది. పట్టు గోడ లోపల ఉంటే వ్యవహారం ఇంకా చెడ్డది. ఈగలు గూటి వేడిని ముప్పై అయిదు డిగ్రీల దగ్గర నిలబెట్టుకుంటాయి. నీళ్ళు తెచ్చి అట్టల మీద చల్లి, రెక్కలతో విసిరి చల్లబరుస్తాయి. మే నెలలో బయట నలభై దాటే బెజవాడ ఎండకు ఆ మైనం జారిపోకుండా నిలబెట్టేది ఆ విసరడమే. ఈగలను చంపేస్తే విసిరేవాళ్ళు ఉండరు. అట్టలు మెత్తబడి కూలతాయి, తేనె గోడ వెంట కారుతుంది, పిల్లపురుగులు కుళ్ళి వాసన కొడతాయి, ఆపైన చీమలు, బొద్దింకలు. అప్పుడు గోడ పగలగొట్టక తప్పదు. ఆ పని ఈగలు బతికి ఉండగానే చేయించి ఉంటే తేనె, మైనం, ఈగలు మూడూ దక్కేవి.

అంతకంటే భయపెట్టే విషయం ఇంకొకటి ఉంది. మందు కొట్టిన పట్టులోని తేనెను చుట్టుపక్కల గూళ్ళ ఈగలు వచ్చి దోచుకుంటాయి, విషం అక్కడికీ చేరుతుంది. మనుషులూ తక్కువ తినలేదు. కింద పడిన అట్టను వాచ్‌మన్ కుటుంబమో, పనికి వచ్చిన కూలీలో పిండుకోకుండా ఆపడం కష్టం. పాపం, అది మందు కొట్టిన పట్టని వాళ్ళకు ఎవరు చెబుతారు? కిరసనాయిలు పోసి అంటించడమైతే చెప్పనే అక్కరలేదు. సన్‌షేడ్ పక్కనే ఏసీ గొట్టాలు, కేబుల్ తీగలు.

నా లెక్కలో మందు ఈ పోటీలోంచి తప్పుకుంది. మిగిలినవి మూడు.

పెట్టెలోకి తరలించడం వినడానికి అన్నిటికంటే అందంగా ఉంటుంది, పుట్ట తేనెటీగల విషయంలో నిజంగానే మేలు కూడా. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో పాత ఇళ్ళ గోడ బీరువాల వెనుక, కరెంటు మీటర్ల పెట్టెల్లో పట్టేవి చాలావరకు ఇవే. తేనెటీగల పెంపకం తెలిసిన మనిషి ఎండ తగ్గాక వచ్చి, కాస్త చల్లటి పొగ వదిలి, గూడు తెరుస్తాడు. పిల్లలున్న అట్టలను కోసి, చెక్క చట్రాలకు అరటి నారతోనో దారంతోనో కట్టి పెట్టెలో నిలబెడతాడు. రాణి ఈగను పట్టుకుని లోపలికి పంపితే చాలు, మిగతావి దాని వాసన పట్టుకుని బారులు తీరి పెట్టెలోకి నడుస్తాయి. చీకటి పడేదాకా పెట్టెను అక్కడే ఉంచాలి, మేత నుంచి వచ్చే ఈగలు కూడా ఎక్కాలి కదా. ఆ తర్వాత ద్వారం మూసి రెండు మూడు కిలోమీటర్లకు తగ్గకుండా దూరం తీసుకుపోవాలి. పక్క వీధిలోనే పెడితే మర్నాడు ఈగలు దారి గుర్తుపెట్టుకుని పాత గోడ దగ్గరికే వస్తాయి. ఖాళీ అయిన సందును అదే రోజు గీకి, కడిగి, సిమెంటుతో మూసేయాలి. మైనం వాసన మిగిలితే మరో గుంపు వెతుక్కుంటూ వస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. పుట్ట తేనెటీగలకు కొత్త చోటు నచ్చకపోతే లేచిపోతాయి, చీమలు పట్టినా అంతే. అందుకే పెట్టె కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడతారు. తీసుకెళ్ళే మనిషికి పెంపకం అలవాటు ఉండాలి, పట్టుకోవడం ఒక్కటే వస్తే సరిపోదు. అలాంటివాళ్ళ ఆచూకీ కావాలంటే గుంటూరు పక్కన లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాన్నో, బాపట్ల వ్యవసాయ కళాశాలలో కీటకాల గురించి చెప్పే అధ్యాపకులనో అడగడం మంచి మొదలు.

కానీ ఆ కాలేజీ కుర్రాడు వీడియోలో చూసినది పై అంతస్తు పెద్ద తేనెటీగలకు పనికిరాదు. ఇవి వెలుతురులో, గాలికి వేలాడే ఒంటి అట్ట మీద బతికేవి, రుతువును బట్టి వలస పోయేవి. పెట్టెలో ఉండవు. వీటిని పెట్టెలో పెట్టి పెంచుతామని డబ్బు అడిగే మనిషి తేనె కోసం వచ్చాడని అర్థం చేసుకోండి. చిన్న తేనెటీగలు కూడా పెట్టె ఎరగవు. అయితే కంచెలో అరచేతంత అట్టతో ఎవరినీ పట్టించుకోకుండా ఉండేవాటిని కదపాల్సిన అవసరమే సాధారణంగా రాదు. మొక్క కత్తిరించే పని కొంతకాలం వాయిదా వేస్తే చాలు.

పొగ గురించి ఒక మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే పొగలు రెండు రకాలు. చల్లటి తెల్లపొగ తగిలితే ఈగలు ఇల్లు కాలుతోందేమోనని కడుపునిండా తేనె తాగి మెత్తబడతాయి. ప్రమాద సంకేతంగా అవి వదిలే వాసన కూడా ఆ పొగలో మరుగున పడుతుంది. ఇది పెంపకందారుల పొగ. రెండోది రాత్రి కాగడా. దానితో రెక్కలు కాలి ఈగలు వందల్లో రాలుతాయి, మిగిలినవి దీపం ఉన్న కిటికీ వైపు వస్తాయి. పెద్ద తేనెటీగలకు రాత్రి వెలుతురు మీద అసలే యావ, వెన్నెల్లో కూడా మేతకు వెళ్ళే జాతి. తేనె తీసే మనిషితో బేరం కుదుర్చుకునేటప్పుడు కాగడా వద్దని, ముసుగు బట్టలు తెచ్చుకోవాలని, ఆ సమయంలో ఆ వైపు ఇళ్ళన్నిటిలో దీపాలు ఆర్పి కిటికీలు మూయించాలని ముందే మాట్లాడుకోవాలి.

బేరంలో ఇంకో మెలిక కూడా ఉంది. తేనె తీసే మనిషికి సాధారణంగా కూలీ తేనెలోనే, సగం సగం. అతనికి పట్టు పండాక రావడం లాభం, ఇంటివాళ్ళకు ఎంత తొందరగా వస్తే అంత మంచిది. ఈగల గుంపు కొత్తగా వచ్చి వాలినప్పుడు అట్ట ఉండదు, కాపాడుకోవాల్సిన పిల్లలూ ఉండవు. ఆ దశలో అవి పెద్దగా కుట్టవు. చాలాసార్లు దారిలో సేద తీరడానికి ఆగినవే, కొన్ని గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో వాటంతటవే వెళ్ళిపోతాయి. అట్ట కట్టి పిల్లలు పెట్టాక కదపడం కష్టం, అప్పుడే కోపం ఎక్కువ. ఇంకొకటి: నేర్పరి అయిన తేనె మనిషి తేనె నిండిన పైమూలను మాత్రమే కోసి పిల్లల భాగం వదిలేస్తాడు. అడవిలో అది గొప్ప మర్యాద. సన్‌షేడ్ కింద అయితే ఈగలు అక్కడే ఉండిపోతాయి, మీరు పిలిచిన పని మాత్రం కాదు.

ఇక వదిలేయడం. పై అంతస్తు పెద్ద తేనెటీగలకు నా ఓటు దీనికే, ఒక్క షరతు మీద: మనిషి నడిచే దారికి దూరంగా ఉండాలి. అయిదో అంతస్తు సన్‌షేడ్ కింద, మూసి ఉంచగల కిటికీ పక్కన అయితే ఉండనివ్వండి. వేప, కానుగ పూసే కాలమంతా ఉంటాయి, పూత అయిపోయాక, ఎండలు ముదిరాకో వానలకో లేచిపోతాయి. ఆ కొన్ని నెలలూ వాటి జోలికి వెళ్ళకపోవడమే మనం చేయాల్సిన పని. చెప్పినంత తేలికేమీ కాదు. సంక్రాంతికి గాలిపటాల దారం, దీపావళికి తారాజువ్వలు, పక్క ఫ్లాట్‌లో గోడకు డ్రిల్లింగు, పిల్లలు విసిరే రాళ్ళు: వీటిలో ఏ ఒక్కటైనా అట్టను కదిపితే వందల ఈగలు ఒక్కసారిగా దిగుతాయి. తేనెగద్ద వచ్చి తన్నినా అంతే, దానికి సంఘం తీర్మానం వర్తించదు. పట్టు ఉన్న వైపు బాల్కనీ దీపం ఆర్పడం, తెల్ల బల్బు బదులు పసుపు బల్బు వేయడం, తెరలు దించడం చేస్తే రాత్రిళ్ళు ఈగలు ఇంట్లోకి రావడం బాగా తగ్గుతుంది. వేసవిలో ఏసీ నీళ్ళ గొట్టం దగ్గర, కుళాయిల దగ్గర మూగితే దాహానికే. మేడ మీద దూరంగా ఒక వెడల్పు పళ్ళెంలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోస్తే అటు మళ్ళుతాయి, అయితే ఒక్కరోజు కూడా ఎండనివ్వకూడదు.

ఆ షరతు నెరవేరని చోట్లు కొన్ని ఉన్నాయి. మెట్ల మలుపు, లిఫ్టు యంత్రాల గది, బడి వరండా, ముసలివాళ్ళు మంచం పట్టిన గది కిటికీ. కుట్టించుకుంటే ఒళ్ళంతా వాచి ఊపిరి ఆడని మనిషి ఆ ఇంట్లో ఉన్నా తీయించడానికి వెనకాడనక్కరలేదు. అక్కడ వదిలేయడం దయ కాదు, నిర్లక్ష్యం. దుస్తులు, పొగడబ్బా ఉన్న మనిషిని పిలిచి, చీకటి పడ్డాక, కాగడా లేకుండా తీయించాలి. కొన్ని ఈగలు చస్తాయి, ఆ మాట దాచడం అనవసరం. అయినా గుంపులో ఎక్కువ భాగం లేచి ఇంకో చోటు వెతుక్కుంటుంది, మందుతో అదీ ఉండదు.

ఏ మార్గం ఎంచుకున్నా ఒకవేళ ఈగలు తిరగబడితే ముఖం కప్పుకుని గదిలోకి పరుగెత్తి తలుపు వేసుకోవాలి. నీళ్ళలో దూకితే పైకి లేచేదాకా అవి కాచుకుని ఉంటాయి. చేతులు ఊపవద్దు, చంపవద్దు. నలిగిన ఈగ వదిలే వాసన మిగతావాటికి పిలుపు. ముల్లును గోటితో వెంటనే గీకేయాలి, చర్మంలో ఉన్నంతసేపూ విషం ఎక్కుతూనే ఉంటుంది. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి బిగిసినా, కళ్ళు తిరిగినా, పదుల సంఖ్యలో కుట్టినా ఇంటి వైద్యం వద్దు, 108కి ఫోను చేయాలి.

పెద్ద తేనెటీగలు మరుసటి ఏడాది కూడా అదే సన్‌షేడ్ కిందికి రావడం మామూలే. అందుకే ఖాళీ అయిన వారంలోపే మైనం గీకించి సున్నం వేయించడం, ఆ ఖర్చు పట్టు పడిన ఫ్లాట్ వాళ్ళదా, సంఘానిదా అన్నది ఈగలు లేని నెలల్లోనే తేల్చుకోవడం మంచిది. నన్నడిగితే సంఘానిదే. సన్‌షేడ్ ఆ ఫ్లాట్‌దైనా, ఈగలు కుట్టేటప్పుడు ఫ్లాట్ నంబరు చూడవు.