ఫ్యాక్టరీ హెల్త్ సెంటరా, ఈఎస్ఐ డిస్పెన్సరీనా?

చౌటుప్పల్, జడ్చర్ల మందుల కంపెనీల్లో చేసేవాళ్లు సాల్వెంట్ల (రసాయనాలను కరిగించే ద్రవాల) ఘాటుకు దగ్గు పట్టుకుంటే ముందు లోపలి హెల్త్ సెంటర్‌కు వెళ్లడమే నయం. మీరు ఏ రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద పాత్ర) దగ్గర నిలబడతారో అక్కడి డాక్టరుకు తెలుసు. ఊపిరితిత్తుల బలం చూడటానికి గొట్టంలోకి గట్టిగా ఊదించి, పాత రీడింగ్‌తో పోల్చి, అవసరమైతే వేరే సెక్షన్‌కు మార్చమని రాస్తారు. కాకపోతే ఆ డాక్టరుకు జీతమిచ్చేది కంపెనీయే కదా, అందుకే కొందరు కార్మికులు నోరు విప్పరు.

ఈఎస్ఐలో, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా వైద్యంలో, క్యూ తప్పదు. కానీ నెల జీతం 21,000 రూపాయల వరకు ఉన్నవాళ్లకు చందాగా జీతంలో కోత 0.75 శాతమే, భార్యాపిల్లలకూ వైద్యం. కాంట్రాక్టు మీద చేసేవాళ్లకూ వర్తిస్తుంది. జబ్బుచేసి సెలవు పెడితే, చందా షరతులు కుదిరితే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. ఇది హెల్త్ సెంటర్ ఇచ్చేది కాదు. పనివల్లే జబ్బని అనుమానముంటే రెండు చోట్లా చూపించుకోండి, ఊదిన రీడింగ్ కాపీ అడిగి తీసుకెళ్లండి.