నెల్లూరు గోడలు, ఉదయగిరి కర్ర

నెల్లూరుకు వచ్చినవారు సాధారణంగా రంగనాథస్వామిని, జొన్నవాడ కామాక్షమ్మను దర్శించుకొని, మైపాడు సముద్రతీరం చూసి, చేపల పులుసు తిని వెళ్లిపోతారు. మేము మాత్రం ఈసారి నగరంలోని గోడచిత్రాలను, ఉదయగిరి చెక్కపనిని చూడడానికే వెళ్లాము.

చెన్నై, విజయవాడ ప్రధాన రైలుమార్గంలో ఉన్నందున నెల్లూరు చేరడం సులభం. బస విషయంలో మద్రాసు బస్టాండు పరిసరాల లాడ్జీలు చవకే గాని, రాత్రంతా హారన్ల మోత తప్పదు. మాగుంట లేఅవుట్ వైపు అద్దె కొంత ఎక్కువైనా నిద్ర పడుతుంది. గోడలు చూడడానికి ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య సమయం ఉత్తమం, ఎందుకంటే ఆ తరువాత ప్రహరీల ముందు బండ్లు, వాహనాలు నిలిచి సగం బొమ్మ కనిపించదు. ఆటోను గంటల లెక్కన మాట్లాడుకుంటే మంచిది.

2016లో పరిశుభ్రతను బట్టి నగరాలకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీలు మొదలైన తరువాత దేశంలోని అనేక నగరాలలో గోడబొమ్మలకు గిరాకీ పెరిగింది. ఫ్లెక్సీ వచ్చి దుకాణాల బోర్డులు, సినిమా బ్యానర్లు, ఎన్నికల గోడరాతల పనిని లాగేసుకున్నాక చేతులు ముడుచుకున్న చిత్రకారులకు ఆ విధంగా కొంత పని తిరిగి దొరికింది. ఒక పాఠశాల ప్రహరీ దగ్గర పనిలో ఉన్న పెద్దాయన పాత సున్నం గీకి, ప్రైమర్ పూసి, కాగితం మీది బొమ్మకు గళ్లు కొట్టి, అవే గళ్లను గోడ మీద పెద్దవిగా గీసుకుంటున్నారు. నెల్లూరుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి కాబట్టి, అక్టోబరు ముందు హడావిడిగా వేయించిన బొమ్మ నిలవదని ఆయన అన్నారు. “తడి ఆరని గోడకు ఎంత ఖరీదైన రంగు వేసినా పొర లేచిపోతాది సార్, మాట మాత్రం మాకు వస్తాది” అన్నప్పుడు ఆయన కుంచె ఆగలేదు.

నా మట్టుకు, అరచేతుల్లో భూగోళం, చెత్తబుట్ట పక్కన నవ్వే పిల్లలు వంటి బొమ్మలు ఏ ఊరి గోడ మీదనైనా ఒకటే. స్వర్ణాల చెరువులో తడితలలతో రొట్టెలు మార్చుకుంటున్న ఆడవాళ్లను చిత్రించిన గోడ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం సమయంలో జరిగే ఆ రొట్టెల పండుగను చూసినవాడే చీరకొంగు తడి బరువును అలా గీయగలడు. అంత పని చేసిన మనిషి పేరు కింద లేదు. రంగు సొమ్ము ఇచ్చినవారి పేరు మాత్రం పెద్ద అక్షరాలతో ఉంది. చిత్రకారుడి పేరు, ఫోన్ నంబరు ఒక మూల రాయనిస్తే అతనికి మరో పని దొరికేది.

ఉదయగిరి నెల్లూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆత్మకూరు మీదుగా వెళ్లే బస్సులో చేరవచ్చు గాని, కుటుంబంతో వెళ్లేవారికి కారే నయం. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఊరి పైన కొండ మీద ఉంది. ఎండలో ఎక్కలేమని దానిని కింది నుంచే చూశాము. రాత్రి బసకు నెల్లూరు తిరిగి రావడమే మేలు.

ఇక్కడ చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తారు. వీటికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. అడవి నుంచి తెచ్చిన నర్ది వంటి కర్రను కోసి, బాడిసెతో రూపం తెచ్చి, ఆకురాయితో నున్నగా చేసి, పిడి మీద సన్నని జాలీ పని, అంటే వలలాంటి చిల్లుల నగిషీ, చెక్కుతారు. నగరంలో గోడను చూశాక మనిషిని వెతుక్కోవాలి. ఇక్కడ చెక్కినవారి చేతి నుంచే కొనవచ్చు, ఏ చెంచాకు ఎంతసేపు పట్టిందో అడగవచ్చు. బేరం ఆడడానికి నాకు నోరు రాలేదు. కొనేవారు జాలీ పని ఉన్నవాటిని అలంకరణకు ఉంచుకొని, వంటకు సాదా పిడి గరిటెలు తీసుకోవాలి. వాటిని నీళ్లలో నానబెట్టకుండా వెంటనే కడిగి నీడన ఆరబెడితే పగుళ్లు రావు.