రాజమండ్రిలోనే ఉండాలా, హైదరాబాద్ వెళ్ళాలా? ముందు పిల్లల తరగతి చూడండి

మేం రాజమండ్రి నుంచి మియాపూర్ వచ్చినప్పటి నుంచి ఊరివాళ్ళ ఫోన్లు ఒకే మాటతో మొదలవుతున్నాయి. "ఏవండీ, మాకూ హైదరాబాద్‌లో ఆఫర్ వచ్చింది. వచ్చెయ్యమంటారా?" జీతం ఎంత పెరుగుతుందో చెబుతారు, అద్దెలు ఎలా ఉన్నాయో అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ పెద్దపిల్ల ఏం చదువుతోంది?

ఎందుకో చెప్పేముందు డబ్బు సంగతి తేల్చేస్తాను. రాజమండ్రి దానవాయిపేటలో నాన్నగారి ఇంట్లో మేడమీద వాటా మాది. అద్దె లేదు. ఆఫీసుకి బండి మీద పది నిమిషాలు, మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే. మియాపూర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాట్‌కి నెలకు 24,000 అద్దె, మెయింటెనెన్స్ ఇంకో 3,000. పిల్లలిద్దరి ఫీజులు, స్కూలు బస్సు కలిపి నెలకు ఆరువేలు పెరిగాయి. జీతం చేతికి 38,000 ఎక్కువ వస్తోంది. తీసివేతలన్నీ పోగా అదనంగా మిగిలేది ఐదువేలు. కొత్త పన్ను విధానంలో ఉంటే ఇంటి అద్దె మీద మినహాయింపు కూడా రాదు, ఆ ఆశ పెట్టుకోకండి. ఐదువేల కోసమే అయితే ఇల్లు కదలక్కర్లేదు. కాకపోతే అక్కడ ఉన్న ఉద్యోగం పోతే నాకు రెండో చోటు లేదు, ఇక్కడ ఉంది. ఆ ధైర్యానికి నేను ఖరీదు కట్టలేను.

డబ్బు విషయంలో పొరపాటు చేస్తే ఏడాదిలో సర్దుకోవచ్చు, ఇల్లు మారవచ్చు, ఉద్యోగం మారవచ్చు. పిల్లల లోకల్ (స్థానికత) విషయంలో అలా కుదరదు. ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్, మెడిసిన్‌లో కన్వీనర్ సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం స్థానికులకే. రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల నాటి నుంచి ఉన్న పద్ధతి ఇది. స్థానికత అంటే సొంతూరు ఎక్కడ, ఆధార్‌లో అడ్రస్ ఏది అని చూడరు. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది చూస్తారు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. రాష్ట్రం విడిపోయాక పదేళ్ళపాటు పాత ప్రవేశాల పద్ధతే నడిచింది. 2024 జూన్‌తో ఆ గడువు అయిపోయింది. ఆ ఏడాదే తెలంగాణ ప్రభుత్వం మెడికల్ సీట్లకి ఈ నాలుగేళ్ళ షరతుని గట్టిగా పెట్టింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ఇప్పుడు మీ ఇంటికి అన్వయించి చూడండి. అమ్మాయి ఎనిమిది రాజమండ్రిలో పూర్తిచేసి తొమ్మిదిలో హైదరాబాద్ వచ్చిందంటే ఇంటర్ అయ్యేసరికి తెలంగాణలో స్థానికురాలు. అదే తొమ్మిది రాజమండ్రిలో చదివి పదికి వచ్చిందంటే ఇక్కడ నాలుగేళ్ళు నిండవు. ఒక్క ఏడాది తేడా. ఎంబీబీఎస్ చదివించాలనుకునేవాళ్ళకైతే ఆ ఒక్క ఏడాదే మొత్తం కథ. మా అమ్మాయి ఎనిమిది పరీక్షలు మార్చిలో రాసింది, మేం జూన్‌లో వచ్చాం. నాకు ఆఫర్ వచ్చింది అంతకుముందు అక్టోబర్‌లో. ఆ ఎనిమిది నెలలు నేనొక్కణ్ణే హాస్టల్లో ఉన్నాను.

ఐఐటీకో, ప్రైవేటు యూనివర్సిటీకో, విదేశాలకో పంపాలని గట్టిగా అనుకున్నవాళ్ళకి ఈ లెక్కతో పనిలేదు. కానీ ఎనిమిదో తరగతి పిల్ల విషయంలో అంత గట్టిగా ఎవరు చెప్పగలరు? ఎన్ఐటీలకైతే ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసయితే అదే సొంత రాష్ట్రం. సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకే. తాడేపల్లిగూడెం ఎన్ఐటీయా, వరంగల్ ఎన్ఐటీయా అన్నది కూడా మీరు ఇల్లు మారిన రోజునే తేలిపోతుందన్నమాట.

వరంగల్, కరీంనగర్ నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్ళకి ప్రవేశాల్లో ఈ ఇబ్బంది లేదు, రాష్ట్రం ఒకటే. వాళ్ళు చూసుకోవాల్సింది సర్కారీ కొలువుల సంగతి. తెలంగాణలో వాటికి స్థానికతని ఏడో తరగతి లోపు చదువుతో లెక్కిస్తారు కాబట్టి చిన్న తరగతుల్లో మారితే పిల్లల జిల్లా మారుతుంది.

బెంగళూరు సంగతి అడిగేవాళ్ళూ ఉన్నారు. మా తోడల్లుడు మారతహళ్ళిలో ఉంటాడు. జీతం నాకంటే చాలా ఎక్కువ, వాతావరణం బాగుంటుంది, వీధి నిండా తెలుగువాళ్ళే. ఇంటికి ఐదు నెలల అడ్వాన్సు కట్టాడు, ఖాళీ చేసినప్పుడు రంగులు వేయించాలని అందులో ఒక నెల అద్దె పట్టుకున్నారు. అక్కడి ప్రవేశ పరీక్ష సీఈటీలో మామూలుగా అడిగేది ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడు) లోపు కర్ణాటకలో ఏడేళ్ళ చదువు. పిల్లలు బడికి వెళ్ళకముందే వెళ్ళేవాళ్ళకి బెంగళూరు మంచిదే. హైస్కూలు పిల్లలతో వెళ్ళడం మాత్రం నాకు మింగుడుపడదు. పైగా మా తోడల్లుడి పిల్లలు అమ్మమ్మ రాసిన ఉత్తరం చదవలేరు. అది నాకు చిన్న విషయంగా అనిపించదు.

విశాఖ, విజయవాడల్లో ఉద్యోగం దొరికితే మారు ఆలోచన లేకుండా వెళ్ళండి. ప్రవేశాల లెక్కలో రెండూ రాజమండ్రితోపాటు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలోవే, లోకల్ మారదు. చెన్నైలో మనవాళ్ళు చాలామందే ఉన్నా నాకు తెలిసి ఈమధ్య మా ఊరినుంచి వెళ్ళినవాళ్ళు లేరు.

ఇక మూడో దారి: ఉద్యోగం చేసే మనిషి హైదరాబాద్‌లో, కుటుంబం రాజమండ్రిలో. పిల్లలు తొమ్మిది దాటేసి ఉంటే నేను చెప్పేది ఇదే. కష్టమని తెలిసే చెబుతున్నాను. శుక్రవారం రాత్రి లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారుజామున రాజమండ్రిలో దిగేవాణ్ణి, ఆదివారం రాత్రి మళ్ళీ రైలు. టికెట్లు అరవై రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికి నవంబర్‌లోనే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ఒక శనివారం మా బాబు స్కూలు డైరీ తిరగేశాను. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన గడుల్లో వరసగా నెలన్నరపాటు నాన్నగారి సంతకమే ఉంది. ఇంకు పెన్నుతో, వణుకుతున్న చేత్తో, ఇంటిపేరుతో సహా పూర్తిగా. నేను పెట్టాల్సిన సంతకాలన్నీ ఆయన పెడుతున్నారు. ఆ రోజే అనుకున్నాను, ఇది ఎనిమిది నెలలకి మించకూడదని.

అలాగని వచ్చేశాక అంతా బాగుందని చెప్పను. నాన్నగారికి డెబ్బై నాలుగు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. రమ్మంటే రారు. "ఒరేయ్, మమ్మల్ని చూసి ఆగకు. పిల్లల చదువు చూసుకో. మాకు గోదావరి ఉంది" అన్నారు నాన్న. ఇల్లు ఖాళీగా ఉందని తెలియకూడదని రోజూ సాయంత్రం మేడెక్కి మా వాటాలో లైటు వేస్తారట, పడుకునేముందు మళ్ళీ ఎక్కి ఆపుతారట. అమ్మ చెప్పింది, ఆ మెట్లు చూస్తే భయమేస్తోందిరా అని. ఆ లైటుకి టైమర్ స్విచ్ పెట్టించాను. అయినా ఆయన మేడెక్కడం మానలేదు. వాళ్ళ దగ్గర పక్కవీధిలో మా పెదనాన్నగారి అబ్బాయి ఉన్నాడు కాబట్టి నేను రాగలిగాను. అలాంటి మనిషి ఎవరూ లేకపోతే, పిల్ల ఎనిమిదిలో ఉన్నా సరే, నేను కదిలేవాణ్ణి కాదు.

పోయిన వారం ఫోన్ చేసిన ఒకావిడకి అబ్బాయి ఏడో తరగతి, అత్తమామలు వెంట వస్తామంటున్నారు. రండి అన్నాను, రెండేళ్ళు ఆలోచించుకునే వ్యవధి కూడా ఉంది. ఇంకొకాయన పిల్ల తొమ్మిది సగంలో ఉంది. ఇంటర్ అయ్యేదాకా కుటుంబాన్ని కదపొద్దని చెప్పాను. ఇద్దరికీ చెప్పిన ఇంకో మాట: ఆ ఏడాది ఈఏపీసెట్, నీట్ ప్రవేశాల నియమావళి మీరే తెచ్చుకుని స్థానికత పేజీ చదవండి, ఏటా ఏదో ఒక సవరణ వస్తోంది.

ఊరు వదిలేముందు ఆరో తరగతి నుంచి ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ రాయించుకోండి. కౌన్సెలింగ్‌లో అడుగుతారు. మా పాత స్కూలు వాళ్ళు వచ్చే ఏడాది మొదటి టర్మ్ ఫీజు కడితేగానీ టీసీ ఇవ్వమన్నారు, నాలుగుసార్లు తిరిగాను. టీసీ మీద డీఈఓ సంతకానికి ఇంకో వారం పట్టింది. పరీక్షలు అయిన మర్నాడే మొదలుపెట్టండి, మే నెలలో ఆఫీసులో మనిషి దొరకడు.