హార్డ్ డిస్కులు పీకేసిన ల్యాబ్: ఎల్‌టీఎస్‌పీ చాన్నాళ్ళు వాడాక

ఎల్‌టీఎస్‌పీ అంటే హార్డ్ డిస్కులు లేని కంప్యూటర్లని నెట్‌వర్క్ మీదుగా ఒకే సర్వర్ నుంచి లినక్స్‌లో బూట్ చేసే సాఫ్ట్‌వేర్. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటే, పిల్లలు సిస్టమ్‌ని ఎంత కెలికినా రీస్టార్ట్ కొడితే మళ్ళీ కొత్తదానిలా లేస్తుంది. సర్వర్‌లో ఉండేది ఒకటే స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్ (మొత్తం సిస్టమ్‌ని కుదించి పెట్టిన ఫైలు), దాన్ని ఎవరూ మార్చలేరు, కంప్యూటర్‌లో చేసే మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉండి ఆపగానే పోతాయి, వాళ్ళ ఫైళ్ళు మాత్రం సర్వర్‌లో ఎవరి ఫోల్డర్‌లో వాళ్ళకి ఉంటాయి. మా దగ్గర కరెంటు పోయినప్పుడల్లా ఇదివరకు ఏదో ఒక డిస్క్ మూలిగేది, ఇప్పుడు సర్వర్‌కి ఒక్కదానికి యూపీఎస్ ఉంటే చాలు. కొత్త సాఫ్ట్‌వేర్ కావాలన్నా సర్వర్‌లో వేసి ఇమేజ్ తయారుచేసే కమాండ్ కొట్టి, టీ తాగొచ్చి, అందర్నీ రీస్టార్ట్ చెయ్యమంటే అయిపోతుంది.

ఇన్‌స్టలేషన్ గురించి రాయను, 2019లో వాళ్ళు మొత్తం తిరగరాశాక అదేం పెద్ద పని కాదు, ఉన్న రౌటర్‌లోని డీహెచ్‌సీపీని (కంప్యూటర్లకి ఐపీ అడ్రసులు ఇచ్చేది) కదపక్కర్లేకుండా, డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ సర్వర్‌లో ఉండి బూట్ వివరాలు మాత్రం ఇస్తూ పక్కన ప్రాక్సీగా పనిచేసుకుపోతుంది.

నన్ను ఏడిపించింది నెట్‌వర్క్ కేబుళ్ళన్నీ కలిసే స్విచ్. పాతదాంట్లో పోర్టులు పోతున్నాయని, ఏదో ఆఫీసులో తీసేసిన మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్స్ మార్చుకునే వీలున్నది) తక్కువకి దొరికితే తెచ్చి పెట్టాం. మర్నాడు సగం మెషీన్లు పీఎక్స్‌ఈలోనే (నెట్‌వర్క్ కార్డులో ముందే ఉండే బూట్ ప్రోగ్రామ్) పీఎక్స్‌ఈ-ఈ51 అని ఎర్రర్ చూపించి ఆగిపోయాయి, అంటే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని. మిగతావాటిలో కొన్ని దాని తర్వాతి మెట్టు ఐపీఎక్స్‌ఈ దాకా వచ్చి ఆగాయి, కొన్ని ఇంకా ముందుకెళ్ళి లినక్స్ కెర్నల్ లోడయ్యాక ఆగాయి, ఒకే జబ్బైతే అన్నీ ఒకేచోట ఆగాలి కదా అనిపించింది. ఈ51 చూపించేవాటి రిక్వెస్టులు సర్వర్ లాగ్‌లోకే రాలేదు. కేబుళ్ళు మార్చాం, సర్వర్ రీస్టార్ట్ చేశాం, ఊహూ. చివరికి నెట్‌వర్క్ పని చేసే మా బావమరిది ఫోన్‌లో అంతా విని "బావా, ఆ పాత ఎనిమిది పోర్టుల డబ్బా స్విచ్ ఉంటే కంప్యూటర్లకీ పెద్ద స్విచ్‌కీ మధ్యలో పెట్టి చూడు" అన్నాడు. పెట్టగానే లేచింది! కారణం ఆ మేనేజ్డ్ స్విచ్‌లోని స్పానింగ్ ట్రీ అనే ఫీచర్ అంట. లింక్ వచ్చిన ప్రతిసారీ ఎక్కడైనా లూప్ (డేటా గుండ్రంగా తిరిగే దారి) ఉందేమోనని లిజనింగ్‌కి 15 సెకన్లు, లెర్నింగ్‌కి 15 సెకన్లు ఆ పోర్టు లోంచి మన డేటా ఏదీ వెళ్ళనివ్వదు, బూట్ అయ్యేటప్పుడేమో నెట్‌వర్క్ కార్డు పీఎక్స్‌ఈ నుంచి ఐపీఎక్స్‌ఈకి, అక్కణ్ణుంచి కెర్నల్‌కి చేతులు మారుతుంటే లింక్ పోయి వస్తుంటుంది, వచ్చిన ప్రతిసారీ మళ్ళీ అరనిమిషం, ఈలోపు అడ్రస్ కోసం అడుగుతున్న బూట్ ప్రోగ్రామ్‌కి ఓపిక అయిపోతుంది. మధ్యలో డబ్బా ఉంటే పెద్ద స్విచ్ వైపు లింక్ పోదు కాబట్టి లేచింది. తర్వాత కంప్యూటర్లు తగిలించిన పోర్టులన్నీ సెట్టింగ్స్‌లో ఎడ్జ్ పోర్టులుగా (ఆగకుండా వెంటనే డేటా వదిలేవి) పెట్టాం, సర్వర్ పోర్టుతో సహా, మళ్ళీ ఆ గొడవ రాలేదు. నెట్‌లో ఈ ఎర్రర్ వెతికితే ముందు డీహెచ్‌సీపీనే చూడమంటారు, స్విచ్ మార్చాక వచ్చిందంటే మాత్రం ముందు ఇది చూడండి.

అన్నట్టు మార్పులు ర్యామ్‌లో ఉంటాయని పొగిడాను కదా, 2 జీబీ మెషీన్లలో అదే తంటా, ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కి డిస్క్ లేదు, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే నీలుక్కుపోతాయి. 4 జీబీ చేశాక పర్లేదు. కరెంటు పోతే డిస్క్ పోదు గానీ సేవ్ చెయ్యని పని పోతుంది, సర్వర్ పడుకుంటే ల్యాబంతా పడుకుంటుంది. ట్యాలీ నేర్పడానికి విండోస్ కావాలి కాబట్టి రెండు మెషీన్లకి డిస్కులు ఉంచక తప్పలేదు.

మాది టైపింగ్, లిబ్రేఆఫీస్, కాస్త పైథాన్ నేర్పే చిన్న ఇన్‌స్టిట్యూట్, అన్నీ ఒకే గదిలో, సర్వర్‌కి గిగాబిట్ కేబుల్, కాబట్టి మాకు సరిపోయింది. వైఫై మీద నడిపే ల్యాబ్ అయితే దీని జోలికి వెళ్ళమని నేను చెప్పను. ఎవరైనా ఊరికే ఎస్‌ఎస్‌డీలు ఇస్తే వద్దననుగానీ, కొనే ఆలోచనైతే ప్రస్తుతానికి లేదు.