బెంగళూరులో బయట తిండి, ఒంటి బరువు

బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవాళ్లు బెంగళూరు వెళ్తే ఏం తినాలన్నదాని కంటే ఎక్కడ దిగాలన్నది ముందు తేల్చుకోవాలి. అనంతపురం నుంచి అక్కడ ఉంటున్న మా అమ్మాయిని చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ నాకు ఇదే అనిపిస్తుంది.

అద్దెలోనే బఫే టిఫిన్ కలిపి ఇచ్చే హోటళ్లు నాకు సరిపడవు. డబ్బు ముందే కట్టేశాం కదా అని పూరీ, వడ, కేసరి, పైన బ్రెడ్డూ జామూ అన్నీ పళ్లెంలోకి వచ్చేస్తాయి. ఈసారి బసవనగుడి వైపు చిన్న వంటగది, ఫ్రిజ్ ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. లిఫ్ట్ నెమ్మది, వేడినీళ్లు అడిగి పెట్టించుకోవాలి. అయినా రాత్రిపూట పెరుగు, జామకాయలు, ఉడకబెట్టిన గుడ్లతో సరిపెట్టుకునే వీలు దొరికింది. పొద్దున్నే లాల్‌బాగ్‌కి నడిచి వెళ్లొచ్చు. 240 ఎకరాల తోట, లోపల ఒక చుట్టు వేస్తే చాలు, ఆకలి నిజంగా వేస్తుంది.

అక్కడి నుంచి శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌కి. 1965 నుంచీ ఉన్న చోటు. ఇడ్లీ, వడ, ఖారా బాత్ (మన ఉప్మాలాంటిది), కేసరి బాత్, కాఫీ, టీ, దాదాపు అంతే. సాంబారు ఉండదు, చట్నీ మాత్రం అడిగినంత. నిలబడే తినాలి. బరువు చూసుకునేవాళ్లకు ఇలాంటి చోట్లే మేలని నా గట్టి అభిప్రాయం. ఇంకో ప్లేటు కావాలంటే మళ్లీ వెళ్లి డబ్బు కట్టాలి, ఆ రెండు నిమిషాల్లో కడుపు నిండిన సంగతి తెలుస్తుంది. కుర్చీలో కూర్చుంటే ఆ వ్యవధి ఉండదు. ఇడ్లీ ఆవిరి మీద ఉడికిందే, వడ ఒకటి తీసుకుని ఇద్దరం పంచుకుంటాం. ఈ ఊళ్లో కాఫీని కూడా ‘బై టూ’ అని అడిగి సగం సగం తాగుతారు, ఎవరూ వింతగా చూడరు. చాలాచోట్ల చక్కెర ముందే కలిపేస్తారు కాబట్టి ‘సక్కరె బేడ’ (చక్కెర వద్దు) అని ముందే చెప్పాలి.

ఎంటీఆర్ సంగతి వేరు. 1924లో మొదలైన హోటల్, రవ్వ ఇడ్లీకి పుట్టిల్లు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బియ్యం కరువైతే రవ్వతో చేసి చూశారట. మసాలా దోసెతోపాటు చిన్న గిన్నెలో నెయ్యి విడిగా ఇస్తారు. ఇది నాకు ఎంతో నచ్చింది, ఎంత పోసుకోవాలో మన చేతిలో ఉంటుంది. 5 గ్రాముల నెయ్యి అంటే 45 క్యాలరీలు, గిన్నె మొత్తం ఒంపేస్తే లెక్క వంద దాటుతుంది. గాంధీ బజార్‌లోని విద్యార్థి భవన్ హోటల్ దోసె నేతిలో ఎర్రగా కాలి వస్తుంది, అక్కడ విడదీసేందుకు ఏమీ లేదు. వెళ్తే ఒకటి తిని, మధ్యాహ్నం భోజనం తగ్గించుకోవడమే.

అసలు పరీక్ష ఆంధ్రా భోజనం దగ్గర. రెసిడెన్సీ రోడ్డు నాగార్జున హోటల్లో అరిటాకు వేసి పప్పు, పొడి, నెయ్యి, వేడన్నం వడ్డిస్తుంటే మనవాళ్లెవరికి చేయి ఆగుతుంది! మన రుచికి దూరంగా ఉన్న పిల్లలకు అది ఎంత ఊరటో మా అమ్మాయి ముఖంలో చూశాను. వద్దని చెప్పను. కానీ వడ్డించే ఆయన రెండోసారి రాకముందే ఆకు మీద చేయి అడ్డం పెట్టాలి. మొదటి ముద్దల్లో కూర, పప్పు ఎక్కువ కలిపి, అన్నం ఒక్కసారే పెట్టించుకుని, మజ్జిగకి కాస్త మిగుల్చుకుంటే కడుపుకీ మనసుకీ సరిపోతుంది. అప్పడాలు, స్వీటు నేను ముట్టను. ‘ఇంకాస్త వేయమంటారా అమ్మా’ అని ప్రేమగా అడుగుతుంటే కాదనడం కష్టమే, ‘చాలు బాబూ’ అని నవ్వుతూ చెప్తే వాళ్లూ బలవంతపెట్టరు.

మాల్స్‌లో తినాల్సి వస్తే మెనూ నిదానంగా చదవండి. పదో అంతకంటే ఎక్కువో శాఖలున్న రెస్టారెంట్లు ప్రతి వంటకం పక్కనా క్యాలరీలు చూపించాలన్నది ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. చీజ్ శాండ్‌విచ్ పక్కన అంకె చూసి అమ్మాయే దాన్ని మార్చుకుంది.

సాయంత్రం వీవీ పురంలోని తిండి బీదికి, అంటే చిరుతిళ్ల వీధికి, ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. అక్కడ వేయించినవీ తీపివీ ఎక్కువ. ముగ్గురం కలిసి ఒక హోళిగె (మన బొబ్బట్టు) తీసుకుని గదికి నడిచి వచ్చాం. మళ్లీ వెళ్లినా బసవనగుడిలోనే దిగుతాం, లిఫ్ట్ బాగున్న చోటు చూసుకుని.