యాత్రను తిరగేశాం

ఏడు రాత్రులు, ఐదుగురం, మూడు చోట్ల బస. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మామయ్యగారు. మొదట వేసుకున్న ప్లాన్ ఇది: శుక్రవారం బయల్దేరి కొండ ఊళ్లో రెండు రాత్రులు, అక్కణ్ణించి దిగి సముద్రం ఒడ్డున మూడు, చివర్న పెద్ద నగరంలో రెండు, తర్వాతి శుక్రవారానికి ఇల్లు. దీనికోసం మా ఆయన ఒక పట్టిక తయారుచేశారు. ఒక్కో ఊరికి పదేసి హోటళ్లు, ఒక్కో హోటలుకి నాలుగైదు సైట్లలో ధరలు, ఏ కార్డు మీద ఎంత తగ్గుతుందో, అన్నీ రంగులు వేసి మరీ. పది రోజులు రాత్రిపూట అదే పని. ఇంత చేస్తే బస ఖర్చులో మిగిలింది వందకి నాలుగు.

ఒకరోజు ఆయన నిద్రపోయాక నేను పట్టిక జోలికి పోకుండా క్యాలెండర్ తెరిచాను. చాలా సైట్లలో నెల మొత్తానికి ఒక్కో తేదీ కింద ఆ రాత్రి ధర కనిపిస్తుంది కదా, అది. కొండ ఊళ్లో శుక్ర, శనివారాల ధరలు మండిపోతున్నాయి, బుధ, గురువారాలు దాదాపు సగం. నగరంలో చూస్తే అంతా తలకిందులు. వారం మధ్యలో ఎక్కువ, శుక్రవారం నుంచి కిందికి. ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. నగరాల్లోని మంచి హోటళ్లు చాలావరకు ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లతో నడుస్తాయి. వాళ్లు సోమవారం దిగి గురువారం సాయంత్రానికి పెట్టె సర్దుకుంటారు. వాళ్లు వెళ్లిపోయే వేళకి కొండలకీ సముద్రాలకీ జనం బయల్దేరతారు.

పొద్దున్నే అడిగాను. "ఏమండీ, మనది చుట్టు తిరిగి ఇంటికొచ్చే దారేగా? నగరం నుంచి మొదలుపెట్టి కొండతో ముగిస్తే ఏమవుతుంది?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఈ మాట పది రోజుల ముందు చెప్పలేకపోయావా?" అన్నారు.

"మీరు పట్టిక ముందు నుంచి లేస్తే కదా!"

అవే బసలు, అవే గదులు. వరస మాత్రం తిప్పాం. మధ్యలో ఉన్న సముద్రం మూడు రాత్రులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మొదటి ప్లాన్ ప్రకారం మొత్తం బస ఖర్చు వంద అనుకుంటే, తిరగేశాక అది 72. డిస్కౌంట్ కోడ్‌లన్నీ కలిపి తెచ్చిన నాలుగు పక్కన పెట్టి చూసుకోండి.

అసలు హోటలు గది ధర రోజుకోలా ఎందుకు మారుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఈ రాత్రి ఖాళీగా ఉండిపోయిన గదిని రేపు అమ్ముకోలేరు. విమానంలో సీటుదీ అదే తంతు. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తక్కువ ధర టికెట్లతో వచ్చిన కొత్త సంస్థలను తట్టుకోవడానికి, ఒకే విమానంలో ముందుగా కొనేవాళ్లకు ఒక రేటు, చివర్లో పని పడి పరిగెత్తేవాళ్లకు ఒక రేటు పెట్టి, ఏ రేటుకి ఎన్ని సీట్లు వదలాలో కంప్యూటర్లతో లెక్కగట్టడం మొదలుపెట్టింది. తర్వాత మారియట్ వంటి హోటళ్ల గొలుసులు అదే పద్ధతి అందుకున్నాయి. ఇప్పుడు చిన్న హోటలు కూడా ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌తో ఆ లెక్కే వేస్తోంది. గిరాకీ ఎప్పుడుంటుందో వాళ్లు అంచనా కడుతున్నారు. మనం గిరాకీ లేని రోజున వెళ్లడం ఒక్కటే దానికి విరుగుడు.

నగరంలో హోటలు గురించి. బయటినుంచి చూస్తే మా స్థాయికి మించినదే. శుక్రవారం సాయంత్రం వెళ్తే లాబీలో మేము, ఇద్దరు రిసెప్షన్ వాళ్లు, అంతే. రెండు గదులూ పక్కపక్కనే ఇచ్చారు, మధ్యలో తలుపు తీసి కలుపుకోవచ్చు. సోమవారమైతే అడిగినా దొరకని వసతి. బ్రేక్‌ఫాస్ట్ ధరలోనే కలిసి ఉంది. ఇబ్బందల్లా చుట్టుపక్కల. ఆఫీసుల ప్రాంతం కాబట్టి శనివారం ఆ వీధులన్నీ నిర్మానుష్యం. చూడాల్సినవన్నీ ఊరికి అవతలి కొసన. టాక్సీలకు బాగానే అయింది. గది తక్కువకొచ్చిందని మురిసిపోయేముందు రోజూ రానూపోనూ ఖర్చు కూడా కలిపి చూసుకోవాలని అక్కడే అర్థమైంది. అయినా గీటురాయి మీద పెడితే లాభమే.

ఈ హోటలు దగ్గరే మా ఆయన పట్టికకి ఒక విజయం దక్కింది, చెప్పకపోతే అన్యాయం. రెండు నెలల ముందు ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే రేటుకి బుక్ చేశారు. కాస్త ఎక్కువే. కానీ వారానికోసారి అదే గది, అవే తేదీలు మళ్లీ చూశారు. రెండుసార్లు తగ్గింది. రెండుసార్లూ ముందు కొత్తది బుక్ చేసి, అది ఖాయమయ్యాకే పాతది క్యాన్సిల్ చేశారు. ఈ వరస తప్పితే రెండింటికీ చెడతాం. క్యాన్సిల్ గడువు హోటలు ఉన్న ఊరి టైము ప్రకారం నడుస్తుంది, మన ఊరి టైము కాదు. దూరదేశాలకు వెళ్లేవాళ్లు ఆ కొన్ని గంటల తేడాలో మొత్తం పోగొట్టుకుంటారు. డబ్బు తిరిగిరాని రేటు చవకే, కానీ ఇంట్లో చిన్న పిల్లలో, పెద్దవాళ్లో ఉన్నప్పుడు అది చవక కాదు, పందెం.

సముద్రం దగ్గరి హోటలు కథ వేరు. ఆ గది పక్కన ఒక సైట్లో ఎర్రక్షరాలు: ఇంకొక్క గదే మిగిలింది, ఇప్పుడే పదిమంది చూస్తున్నారు. నాకు గుండె దడ. మా ఆయన కార్డు తీయబోతుంటే ఆపి, హోటలుకే ఫోన్ చేశాను. మేనేజర్ తాపీగా "చాలా గదులున్నాయండీ" అన్నాడు. ఆ ఒక్క గదీ ఆ సైటుకి ఆ ధరకి ఇచ్చిన వాటాలో మిగిలిన ఒక్కటి, హోటల్లో మిగిలిన ఒక్కటి కాదు. ఇలాంటి తొందరపెట్టే మాటల మీద బ్రిటన్‌లో పోటీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ విచారణ చేసి, 2019లో పెద్ద బుకింగ్ సైట్లు ఆరింటి చేత పద్ధతి మార్చుకుంటామని ఒప్పించింది. అక్షరాలు ఎర్రగా ఉన్నాయంటే కంగారు పడాల్సింది మనం కాదన్నమాట.

ధర తగ్గిస్తారా అని అడిగితే మేనేజర్ నసిగాడు. అందుకూ కారణం ఉంది. బుకింగ్ సైట్లు హోటలు దగ్గర కమిషన్ తీసుకుంటాయి, మామూలుగా 15 నుంచి 25 శాతం. ఆ కమిషన్ ఎగ్గొట్టి హోటలు తన సొంత సైట్లో తక్కువకి అమ్మకుండా ఒప్పందంలో కట్టడి పెట్టడం చాలాకాలంగా ఆనవాయితీ. జర్మనీ ఈ కట్టడిని 2013 నుంచే ఒక్కో సంస్థ విషయంలో కొట్టేస్తూ వచ్చింది. 2024లో యూరోపియన్ యూనియన్ డిజిటల్ మార్కెట్ల చట్టం బుకింగ్ డాట్ కామ్‌కి కూడా వర్తించాక అక్కడ ఆ సైటు ఆ షరతు పెట్టడానికే లేదు. ఆ షరతు ఉన్నచోట్ల మాత్రం హోటలు వాళ్లు ధర ముట్టుకోకుండా వేరే రూపంలో ఇస్తారు. అందుకని నేనూ ధర వదిలేసి అడిగాను. మామయ్యగారికి అదనపు మంచం, కింది అంతస్తులో గది, చివరి రోజు మధ్యాహ్నం మూడింటిదాకా ఉండనివ్వడం. మూడింటికీ ఊఁ అన్నాడు, పైసా అదనంగా లేకుండా. ఆ ఫోన్ కాల్ నాలుగు నిమిషాలు.

ఇక్కడ ఇంకో ఎరుక. మా ఆయన ఐదు సైట్లలో వెతికి పోల్చానని గర్వంగా చెప్పుకునేవారు కదా. బుకింగ్ డాట్ కామ్, అగోడా, ప్రైస్‌లైన్, కయాక్ అన్నీ ఒకే సంస్థవి. ఎక్స్‌పీడియా, హోటల్స్ డాట్ కామ్, వర్బో ఇంకో సంస్థవి. ఐదు గడపలు ఎక్కి దిగానని అనుకున్నాడాయన, ఎక్కింది రెండిళ్లే. పోల్చి చూపించే సైట్లలో అన్నిటికన్నా పైన కనబడేదే చవక అనుకోవడమూ పొరపాటే. ఆస్ట్రేలియాలో ట్రివాగో తన ఖాతాదార్లను తప్పుదోవ పట్టించిందని కోర్టు తేల్చింది. ఒక్కో క్లిక్కుకి తమకు ఎక్కువ చెల్లించే సైటు ఆఫర్లను ముందుకు తెచ్చి, చవకైనవి వెనక్కి తోసిందని. 2022లో వేసిన జరిమానా 4.47 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఆ సైట్లు పనికిరావని కాదు. హోటలు వెతకడానికి బ్రహ్మాండం. దొరికాక మాత్రం ఒక ఫోన్ కొట్టండి.

గది విషయానికొస్తే, "సీ వ్యూ" అని రాశారు. ఉంది. బాల్కనీలో ఎడమ మూల నిలబడి మెడ సాచితే రెండు భవనాల మధ్య నీలం గీత. సముద్రం కనబడటం వేరు, సముద్రానికి ఎదురుగా ఉండటం వేరు. ఈ రెండు మాటల మధ్య తేడాకే ధర. ఇది ముందే తెలుసు మాకు, హోటలు పెట్టిన ఫొటోలు కాక, బస చేసినవాళ్లు తీసిన ఫొటోలు చూశాం కాబట్టి. రివ్యూల్లో నేను ఐదు స్టార్లవీ ఒక స్టారువీ చదవను. ఒకటి పొంగిపోయినవాళ్లది, ఒకటి పోట్లాడినవాళ్లది. మూడు స్టార్లు ఇచ్చినవాళ్లే నీళ్లు ఎప్పుడాగుతాయో, లిఫ్టు ఎంత చిన్నదో నిదానంగా రాస్తారు. అదీ గత మూడు నెలల్లో రాసినవే. యజమాని మారాక పాత పొగడ్తలతో ఏం పని?

కొండ ఊళ్లో మాత్రం దెబ్బతిన్నాం. హోటలు కాదది, ఇల్లు. వంటగది, రెండు పడకగదులు, ఐదుగురికి చాలినంత. రాత్రి ధర వంద అనుకుంటే, ఇల్లు శుభ్రం చేసినందుకు అరవై. బుక్ చేసేటప్పుడు ఆఖరి పేజీలో తేలింది. అది రాత్రికి కాదు, మొత్తానికి ఒకసారే. వారం ఉంటే రోజుకి తొమ్మిది కూడా పడదు. రెండు రాత్రులకే వెళ్లాం గనక రోజుకి ముప్ఫై. చిన్న బసకి హోటలు, పెద్ద బసకి ఇల్లు అని ఎవరైనా ముందు చెప్పి ఉంటే బాగుండేది. అమెరికాలో 2025 మే నుంచి ఇలాంటి తప్పనిసరి రుసుములన్నీ కలిపే ధర చూపించాలని నిబంధన వచ్చింది. అది లేనిచోట ఆఖరి పేజీదాకా వెళ్లి, అక్కడి అంకెతోనే పోల్చాలి.

అసలు దెబ్బ డబ్బుది కాదు. ఇంటి నుంచి ఊరి మధ్యకి ఎనిమిది వందల మీటర్లని రాశారు. నిజమే, కాకి ఎగిరితే. మనిషి నడవాలంటే 130 మెట్లు. పిల్లలు లెక్కపెట్టారు. కారు ఆ మెట్ల కిందే ఆగిపోతుంది. మామయ్యగారు మధ్యలో నాలుగుసార్లు కూర్చుని, పైకెక్కాక "ఇంక నన్ను దింపకండి" అన్నారు. దిగలేదు కూడా. రెండు రోజులూ వసారాలో కుర్చీ వేసుకుని లోయ చూస్తూ గడిపారు. ఆయనకి నచ్చిందనే అంటారు. తప్పు మాదే. మ్యాప్‌లో రెండు చుక్కల మధ్య దూరం చూశాం, ఎత్తు చూడలేదు. "కారు తలుపుదాకా వస్తుందా, ఎన్ని మెట్లు?" అని ఇంటివాళ్లకి ఒక మెసేజ్ పెడితే తేలిపోయేది. పట్టికలో దానికి గడి లేదు.

ఇంటివాళ్లు మంచివాళ్లు. వేడినీళ్లు, శుభ్రమైన దుప్పట్లు, రాత్రి కరెంటు పోతే పది నిమిషాల్లో ఒకతను దీపంతో వచ్చాడు. సేవల విషయంలో మూడింటిలో దీనికే నా ఓటు. కానీ మోకాళ్లు బాగున్నవాళ్లు, కనీసం నాలుగు రాత్రులు ఉండేవాళ్లు వెళ్లాలి. సముద్రం హోటలుకి మళ్లీ వెళ్తాం. నగరంలోదానికి శుక్ర, శనివారాలైతేనే.

ఒక సంగతి మరిచా. రెండేళ్ల క్రితం వేరే ఊళ్లో రాత్రి పదిన్నరకి చేరితే, బుకింగ్ చేతిలో ఉండగానే గది లేదన్నారు. కొందరు రాకుండా పోతారన్న లెక్కతో హోటళ్లు ఉన్న గదులకన్నా కొన్ని ఎక్కువ అమ్ముతాయి. ఆ రోజు అందరూ వచ్చేశారు, చివర్లో వచ్చినవాళ్లం మేము. వేరే హోటలుకి వాళ్ల ఖర్చుతోనే పంపారు, కానీ నిద్రపోయేసరికి ఒంటిగంట. అప్పట్నుంచి ముందురోజు ఫోన్ చేసి, ఆలస్యంగా వస్తాం, గది ఉంచండి అని చెబుతాం. ఈసారి మూడు చోట్లా చెప్పాం.

శుక్రవారం పొద్దున కొండ దిగుతుంటే ఎదురుగా బండ్లు బారులు తీరి పైకెక్కుతున్నాయి. మెట్ల దగ్గర మామయ్యగారిని కారెక్కించి, మా ఆయన ఫోన్ తీసి మేం ఖాళీ చేసిన ఇంటికే ఆ రాత్రి ధర చూశారు. మేం రెండు రాత్రులకి కట్టినదానికన్నా ఎక్కువ. ఫోన్ నా చేతికిచ్చి, "వచ్చే ఏడాదికి క్యాలెండర్ నువ్వే చూడు" అన్నారు.