కాలిన గింజలా, నూరుడు రాతి పిండి రేణువులా?

పాతకాలపు జనం ఏం తిన్నారో తెలుసుకోవడానికి తవ్వకాల్లో వెతికే సాక్ష్యాలు ఈ రెండూ. బళ్లారి దగ్గరి సంగనకల్లు వంటి నవీన శిలాయుగపు ఊళ్లలో ఉలవలు, పెసలు, అండుకొర్రలు తిన్నారని ముందుగా చెప్పింది కాలిన గింజలే. తవ్వకంలో ఒక్కో పొర నుంచి 20 లీటర్ల మట్టి తీసి నీళ్లలో కలిపితే బొగ్గైన గింజలు పైకి తేలతాయి. వాటిని 0.25 మి.మీ. జాలీలో పట్టి నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో పగిలిపోతాయి. జాలీ కన్నాలు 1 మి.మీ. ఉంటే సన్నని కలుపు గింజలు జారిపోతాయి. నల్లబడని గింజ కనిపిస్తే నమ్మొద్దు. మన నేలల్లో అది చాలావరకు చీమల వంటివి మోసుకొచ్చిన ఈనాటిదే.

అయితే నిప్పు తగిలినవే ఇలా మిగులుతాయి. పైగా పలుచని పొట్టు గింజకన్నా ముందే బూడిదవుతుంది. అందుకే పొట్టు దొరకలేదని దంపుడు అక్కడ జరగలేదనడం తొందరపాటు.

గింజల్ని ఎలా నూరారో, ఎలా వండారో అడగాల్సింది నూరుడు రాతినే. దాని గుంతల్లో ఇరుక్కున్న పిండి రేణువు సూక్ష్మదర్శిని కింద పోలరైజ్డ్ కాంతిలో (ఒకే దిశలో కంపించే కాంతిలో) శిలువ గుర్తు చూపిస్తుంది. నూరితే అంచులు చిట్లుతాయి, నీళ్లలో ఉడికితే రేణువు ఉబ్బి శిలువ చెదిరిపోతుంది. కానీ చేతి తొడుగుల పొడి, క్యాంపు వంటింటి పిండి ఇట్టే కలిసిపోతాయి. పోల్చి చూడటానికి రాతికి అంటిన మట్టిని, రాతి వాడని ముఖాన్ని కూడా పరీక్షించకపోతే ఫలితానికి విలువ లేదు.

ఈ రెండు పరీక్షల్లో ఒక్కదానికే డబ్బు ఉంటే మట్టి తేల్చడమే మేలు. రాళ్లను మాత్రం కడగకుండా కొత్త సంచిలో దాచండి. ఒకసారి బ్రష్‌తో రుద్దితే ఆ సాక్ష్యం చాలావరకు పోయినట్టే.